ఓక్‌విల్ అంకుల్ కోటు

కెనడాలో నేను చేసిన మొదటి వ్యాపారంలో నూటికి నూరు శాతం లాభం. పెట్టుబడి సున్నా. ఊరికే వచ్చిన చలికోటును ఏడాది వాడుకుని, కొత్తగా దిగిన ఒక స్టూడెంటుకు నలభై డాలర్లకు అమ్మాను. అతను పాతికకు అడిగాడు. నేను అరవై దగ్గర మొదలుపెట్టి, ఆ రోజు మా యూనివర్సిటీ ఉన్న వాటర్లూలో మైనస్ ఇరవై రెండని ఫోన్లో చూపించాను. నలభై దగ్గర బేరం తెగింది. మా నాన్న వింటే భుజం తడతాడనుకున్నాను. మా వంశంలో ఇంత తెలివితక్కువ బేరం ఇంకెవరూ చేయలేదని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

మాది చీరాలలో బట్టల కొట్టు. తాత గల్లా దగ్గర, నాన్న తానుల దగ్గర, నేను మ్యాచింగ్ జాకెట్టు ముక్కల దగ్గర. చీర అంచు ఒకసారి చూపిస్తే చాలు, ఆ రంగును కంట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళి సరిగ్గా దానికి నప్పే ముక్క తెచ్చేవాణ్ణి. ఆ ఒక్క విద్యే నాకు పుట్టుకతో వచ్చిందని ఇంట్లో అనేవారు. మా కొట్లో ఎవరికీ పేర్లుండేవి కావు, గుర్తులే ఉండేవి. "కొత్త పెళ్ళికూతురు వచ్చింది, కుర్చీ వెయ్యి" అనేవాడు నాన్న. ఆ కొత్త పెళ్ళికూతురికి అప్పటికే ముగ్గురు మనవలు. సైకిళ్ళు అద్దెకిచ్చే ఆయన ఆ పని మానేసి కోళ్ళఫారం పెట్టి పదేళ్ళయినా మాకు సైకిళ్ళాయనే. గుర్తు ఎప్పుడో అబద్ధమైపోయేది, మనిషి మాత్రం తప్పిపోయేవాడు కాదు. ఇందులో ఆలోచించాల్సింది ఏదో ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే కొట్టు ఎప్పుడో మూతపడేది.

నేను వచ్చిన ఆ రోజుల్లో టొరంటోలో దిగే ఏ విమానంలో చూసినా మన పిల్లలే. చేతిలో అడ్మిషన్ కాగితాలు, పెట్టెలో ఆవకాయ, మొహం మీద అద్దె గది గురించిన బెంగ. నేను దిగింది జనవరిలో. ఒంటి మీద గుంటూరులో గంటసేపు బేరమాడి కొన్న స్వెట్టరు. ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకోగానే అది ఎంత గొప్ప బేరమో నా ఎముకలకు తెలిసింది.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినాయన టొరంటో పక్కనే ఓక్‌విల్‌లో ఉండే అంకుల్. తెనాలి వైపు మనిషి. మా పిన్నికి తెలిసినవాళ్ళ ద్వారా కుదిరాడు. ఆదివారం తెలుగు చర్చికి, మిగతా రోజుల్లో కార్ల ఫ్యాక్టరీకి, సెలవు దొరికిన రోజున మాలాంటివాళ్ళ కోసం ఎయిర్‌పోర్టుకు వెళ్తాడు. కారు వెనక సీట్లోంచి ఒక కోటు తీసి నా భుజాల మీద వేశాడు. గోధుమ రంగు, బరువైనది, వెనక టోపీ ఉంది. కుడి మోచేయి దగ్గర చిరుగును ఎవరో నీలం దారంతో వంకరటింకరగా కుట్టారు. "నువ్వు సొంతది కొనుక్కునేదాకా ఇది ఉంచు బాబూ" అన్నాడు. వ్యాపారస్తుల చెవి కదా, "ఉంచు" అన్న మాట విని మిగతాది సరుకు కాదని పక్కన పెట్టేసింది.

అప్పటినుంచి దాని పేరు ఓక్‌విల్ అంకుల్ కోటు. నా రూమ్మేట్లు అలాగే అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. అంకుల్ కనపడినప్పుడల్లా, పండగకు ఫోన్ చేసినప్పుడల్లా, ఆ కోటే లేకపోతే నా గతేమయ్యేదని మొదలుపెట్టేవాణ్ణి. ఆయన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

"అది నేనిచ్చింది కాదు బాబూ."

ఎంత వినయమో అనుకునేవాణ్ణి. మనలో అంతే కదా. పదహారు రకాలు వండి వడ్డించినావిడ "ఏం పెట్టాను, పచ్చడి మెతుకులేగా" అంటుంది. కొత్త పట్టుచీర బాగుందంటే "ఇదా, పాతదే" అంటారు. మనవాళ్ళు కాదంటే అవునని, ఏమీ లేదంటే బోలెడుందని లెక్కకట్టుకోవడం నాకు కొట్లోనే అలవాటైంది. అందుకని ఆయన ఎంత కాదంటే నాకు అంత గౌరవం పెరిగేది. అమ్మ చేత గవ్వలు చేయించి, ఊరినుంచి వచ్చేవాళ్ళతో తెప్పించి, రెండుసార్లు డబ్బా తీసుకెళ్ళి "కోటిచ్చిన చేతికి" అని ఇచ్చాను. పక్కింటివాళ్ళ పార్శిలు సంతకం పెట్టి తీసుకునేవాడి మొహంతో తీసుకున్నాడు.

రెండో చలికాలానికి క్రిస్మస్ మర్నాటి సేల్‌లో నేను సొంత జాకెట్టు కొన్నాను. ఆ జనవరిలోనే వరంగల్ నుంచి వచ్చిన అబ్బాయికి, చెప్పాను కదా, నలభై డాలర్లు. అమ్మేటప్పుడు ఇది ఓక్‌విల్ అంకుల్ కోటని, మంచి చేతినుంచి వచ్చిందని కూడా చెప్పాను. అది ధరలో భాగం.

మూడో చలికాలంలో నేను ఫిలాసఫీ చదివాను. ఇష్టపడి కాదు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు బయటి శాఖలో ఒక కోర్సు తీసుకోవాలి. తోటివాళ్ళు తీసుకున్న ఎకనామిక్స్‌కి పుస్తకమే నూట ఎనభై. నేను జాబితా అంతా వెతికి, చదవాల్సినవన్నీ లైబ్రరీలో ఊరికే దొరికే కోర్సు పట్టుకున్నాను. మాటలు వస్తువులను ఎలా చేరుకుంటాయన్నది అందులో విషయం. పరీక్ష లేదు, రెండు వ్యాసాలు రాస్తే చాలు. సీనియర్ ఒకతను వద్దని చెప్పాడు. చవక సరుకు చూసి ఈర్ష్య పడుతున్నాడనుకున్నాను.

పాఠం చెప్పేది నెరిసిన జుట్టు మేడమ్. మంచులో కూడా సైకిల్ మీదే వచ్చేది. మొదటి వారం ఒక చిక్కు వేసింది. ఒక పెద్ద హాలు ఉందనుకోండి. "కిటికీ దగ్గర కాఫీ తాగుతున్నాయన డాక్టరు" అని నేను మీ చెవిలో చెప్పాను. నిజానికి ఆయన కప్పులో ఉన్నది సూపు. అదే హాల్లో స్తంభం చాటున ఇంకో కిటికీ ఉంది. అక్కడ ఇంకొకాయన నిజంగానే కాఫీ తాగుతున్నాడు, ఆయన సంగతి నాకు తెలియను కూడా తెలియదు. ఇప్పుడు నేను మాట్లాడింది ఎవరి గురించి?

క్లాసు రెండు ముక్కలైంది. మాట ఎవరికి సరిపోతే వాళ్ళ దగ్గరికే పోతుందని కొందరు. అంటే స్తంభం చాటు మనిషి దగ్గరికి. కాదు, చెప్పినవాడి చూపు ఎటుంటే అటే పోతుందని కొందరు. మా కొట్టుకు వచ్చి రెండు రోజులు కూర్చుంటే తేలిపోయే గొడవకు వీళ్ళు ఇంత చదువుతున్నారా అని నవ్వుకున్నాను. ఆ గర్వంతోనే కొత్త పెళ్ళికూతురి మీద, సైకిళ్ళాయన మీద మొదటి వ్యాసం రాసిపడేశాను. యాభై రెండు మార్కులు వచ్చాయి. అంచున మేడమ్ రాసింది ఇది: మీ కొట్లో అందరికీ ఎప్పుడూ ఎవరో తెలుసు కాబట్టి ఇది సులువుగా ఉంది, తెలియకపోవడం వల్ల నీకు ఏదైనా నష్టం వచ్చిన సంగతి ఉంటే దాని గురించి రాయి.

నాకు నష్టమా అనుకున్నాను. ఆ వారమే అంకుల్ ఫోన్ చేశాడు.

"బాబూ, ఆ కోటు నీ దగ్గరే ఉందిగా? ఆవిడ అడుగుతోంది."

"ఎవరంకుల్?"

"కోటావిడ. రెండేళ్ళ నుంచి చెప్తూనే ఉన్నా గదయ్యా, నేనిచ్చింది కాదని."

తర్వాత ఆయన నిదానంగా చెప్పిందంతా నేను గోడకు ఆనుకుని విన్నాను. టొరంటోలోనే నార్త్ యార్క్‌లో ఒక ఆంటీ ఉంది, వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది, ఈయన చర్చి మనిషే. ఆవిడా భర్తా ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలంలో ఇద్దరికీ కలిపి ఒకటే కోటు. ఆయన పొద్దుటి షిఫ్టు ముగించుకుని బస్సు దిగేసరికి ఆవిడ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని స్టాపులో నిలబడి ఉండేది. ఆయన విప్పి ఇస్తే తొడుక్కుని, అదే బస్సెక్కి తన షిఫ్టుకు వెళ్ళేది. ఆ నీలం దారం ఆయన కుట్టిందే. ఆయన పోయాక ఆవిడ ఆ కోటును తెచ్చి అంకుల్ కారులో పెట్టింది. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా మొదటి చలి దాంతో గట్టెక్కి, సొంతది కొనుక్కుని తిరిగివ్వాలి. నాకు ముందు ముగ్గురు అలా తిరిగిచ్చారు. నాలుగోవాణ్ణి నేను. ఇప్పుడావిడ ఉద్యోగం మానేసి, వచ్చే శనివారం కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. కోటు తనతో తీసుకెళ్తానంటోంది.

"తెస్తావుగా" అన్నాడు.

"తెస్తానంకుల్" అన్నాను. లేని సరుకును ఉందని చెప్పడం మా నాన్న నేర్పలేదు. అది నా సొంత తెలివి.

వరంగల్ అబ్బాయి గదికి పరుగెత్తాను. ఏ కోటో చెప్పడానికి రంగూ, టోపీ, దారం అంటూ మొదలుపెట్టబోతే అతనే అందుకున్నాడు. "ఓక్‌విల్ అంకుల్ కోటా అన్నా? గది నా దగ్గర లేదు. మా క్లాస్‌మేట్ ఒకామె టొరంటోకి షిఫ్ట్ అయింది. చలికి వణుకుతాందని ఇచ్చేసిన."

"ఎంతకి?" అన్నాను. ఆ క్షణంలో కూడా నా నోటికి వచ్చిన మాట అదే.

"ఎంతకేందన్నా? ఊకెనే ఇచ్చిన."

అతను ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాడు. మూడు రోజులు జవాబు లేదు.

నాలుగో రోజు సెకండ్‌హ్యాండ్ స్టోర్ ముందునుంచి వెళ్తూ ఆగిపోయాను. లోపల కొక్కేనికి గోధుమ రంగు కోటు వేలాడుతోంది. అదే బరువు, అదే టోపీ. నా మ్యాచింగ్ కన్ను అబద్ధం చెప్పదు. ఆంటీ కంటిముందు పెట్టినా తేడా తెలియదు. పద్దెనిమిది డాలర్లు. జేబు గుండీ ఒకటి లేదని చూపించి పన్నెండుకు అడిగాను. కౌంటర్లో అమ్మాయి ఎంతో మర్యాదగా, అయితే ఇది మీకు అవసరం లేదేమోనండీ అని వెనక్కి తీసుకోబోయింది. పద్దెనిమిదీ ఇచ్చి తెచ్చుకున్నాను. గదికొచ్చి తలుపు వేసుకుని, కుడి మోచేయి దగ్గర కత్తెరతో చిన్న చిరుగు పెట్టి, నీలం దారంతో కుట్టాను. చీరలకు ఫాల్ కుట్టడం వచ్చిన చేతితో కావాలని వంకరగా కుట్టాను. ఎదురుగా పెట్టుకుని చూశాను. ఆ కోటు గురించి ఎవరు ఏ గుర్తు చెప్పినా దీనికి సరిపోతుంది. గోధుమ రంగు అవును. టోపీ అవును. కుడి చేతికి నీలం దారం, వంకరగా, అవును.

అప్పుడు స్తంభం చాటు మనిషి గుర్తొచ్చాడు. అతని చేతిలో ఉన్నది నిజంగా కాఫీనే, కానీ ఆ మాట అతని గురించి కాదు. చిన్నప్పటినుంచి నేను తెచ్చినవన్నీ సరిపోయేవే. సరిపోయేది కాదు, అదే కావాలని నన్ను అడిగినవాళ్ళు అంతవరకు లేరు. బస్ స్టాపులో చేతులు మారింది ఆ అసలు కోటు. నేను కుట్టింది దాని గుర్తులు మాత్రమే. కోటును సంచిలో కుక్కి మంచం కిందకు తోశాను. పారేయలేదు, పద్దెనిమిది డాలర్లు కదా. శనివారం వరకు ఇంకేం దొరక్కపోతే దాన్నే తీసుకెళ్ళి ఉండేవాణ్ణేమో. ఆ మాట దాచను.

గురువారం ఫోన్ మోగింది. వరంగల్ అబ్బాయి కోటు ఇచ్చిన కడప అమ్మాయి. ఫోన్ పాడై బాగుచేయించుకునేసరికి ఆలస్యమైందట.

"అన్నా, ఓక్‌విల్ అంకుల్ కోటు కోసరం తిరుగుతాండేది మీరేనా?"

మర్నాడు మంచం కింది సంచి కూడా చేతబట్టుకుని బస్సెక్కి, సబ్‌వే మారి నార్త్ యార్క్‌లో దిగాను. ఆ అమ్మాయి పనిచేసే బేకరీ బయట నిలబడ్డాను. మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చింది. నేను ఆమె వేసుకున్న కోటు చూసి కూడా, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపే చూస్తున్నాను. ఆమే పలకరించి చెప్పింది, బస్సు తలుపులో ఇరుక్కుని టోపీ ఊడిపోయిందట. జిప్పు పోతే గుండీలు పెట్టించుకుంది. పిండి మరకలకు పదే పదే ఉతికి గోధుమ రంగు బూడిద రంగైంది. నా చూపు మోచేతి మీదికి పోయింది. నీలం దారం లేదు.

"ఎవురో అడ్డదిడ్డంగా కుట్టింటే పీకేసి నీట్‌గా కుట్టినాన్నా" అంది గర్వంగా. నిజంగానే మంచి కుట్టు. చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియదు.

నేను వెతుకుతూ వచ్చిన గుర్తుల్లో ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది ఒక్క అబద్ధపు పేరు. అంకుల్ ఇచ్చింది కాదు, ఓక్‌విల్‌ది కాదు. నేను వరంగల్ అబ్బాయికి చెప్పిన పేరు, అతను ఈ అమ్మాయికి చెప్పిన పేరు, ఆమె నాకు ఫోన్లో చెప్పిన పేరు, అంతే. చేతులు మారుతూ వచ్చిన ఆ పేరే నన్ను తెచ్చి కోటు ముందు నిలబెట్టింది. గుర్తులు నమ్ముకుని ఉంటే ఆమె పక్కనుంచే దాటిపోయేవాణ్ణి. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ చలికాలమంతా కోటు ఆంటీ ఇంటికి రెండు స్టేషన్ల దూరంలోనే తిరుగుతోంది.

సంగతి వినగానే ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కోటు విప్పి ఇచ్చేసింది. బేకరీ యూనిఫామ్‌లో ఫిబ్రవరి గాలికి నిలబడింది. నేను సంచిలోంచి రెండో కోటు తీసి ఇచ్చాను. తొడుక్కుని, మోచేయి తిప్పి చూసుకుని నా వైపు చూసింది.

"ఇది యాడిదన్నా?"

"మ్యాచింగ్" అన్నాను.

ఈ కుట్టు కూడా పీకేసి కుడతానంది. పీకెయ్ తల్లీ అన్నాను.

ఆంటీ వాళ్ళ ఇంట్లో అట్టపెట్టెలు, టేపు, మధ్యలో అంకుల్. సర్దడానికి వచ్చాడు. లిఫ్టులో పైకి వెళ్తూ ఏం చెప్పాలో మూడు రకాలుగా అల్లుకున్నాను. ఆవిడ కోటు తీసుకుంది. రంగు చూడలేదు, టోపీ ఏదని అడగలేదు. రెండు చేతుల మీద వేసుకుని బరువు చూసింది.

"ఎవరెవరు తొడుక్కున్నారు నాన్నా దీన్ని?"

అల్లుకున్న మూడూ ఎక్కడో పోయాయి. వరంగల్ అబ్బాయి, బేకరీ అమ్మాయి, నలభై డాలర్లు, మంచం కింద సంచి, వంకర కుట్టు, అన్నీ వరసగా చెప్పేశాను. అంకుల్ పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నలభైకి అమ్మావా?" అంది ఆంటీ. "ఆయన కొన్నది ముప్పైకి. ఉంటే నిన్ను మెచ్చుకునేవాడు."

తర్వాత మోచేతి దగ్గర బొటనవేలితో చాలాసేపు రాసింది. దారం పోయిన సంగతికి ఏమంటుందోనని నేను నేల చూస్తున్నాను. ఆ వంకర కుట్టు చూసి రోజూ ఆయన్ని తిట్టేదాన్నని చెప్పింది. "పోనీలే, ఆయన తొడిగిన కోటేగా" అంది. తొడుక్కుంది. చేతులు వేళ్ళ చివరలదాకా వచ్చాయి. విప్పకుండానే లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

టీతో పాటు ఒక డబ్బా తెచ్చింది. మూత మీద మా కొట్టు స్టిక్కరు. అమ్మ గవ్వలు పంపిన డబ్బా.

"మీ అమ్మగారికి చెప్పు, రెండోసారి వాటిల్లో యాలకులు ఒక పిసరు ఎక్కువైనాయని."

నేను అంకుల్ వైపు చూశాను. ఆయన బిస్కెట్టు టీలో ముంచుతూ అన్నాడు, "కోటిచ్చిన చేతికి అన్నావుగా. ఆ చేతికే ఇచ్చా."

అంతేకాదు. నేను థాంక్స్ చెప్పిన ప్రతిసారీ ఆ సాయంత్రమే ఆయన ఈవిడకు ఫోన్ చేసి, ఆ అబ్బాయి ఇవాళ మళ్ళీ చెప్పాడు అనేవాడట. రెండేళ్ళు నేను పేరు తప్పు, ఊరు తప్పు, ఆడో మగో కూడా తెలియకుండా పంపిన కృతజ్ఞత ఒక్కటి కూడా దారి తప్పలేదు. మధ్యలో నిజాయితీగా మోసే మనిషి ఒకడున్నాడు కాబట్టి.

రెండో వ్యాసం ఆ కోటు గురించే రాశాను. డెబ్బై నాలుగు వచ్చాయి. ఆధారాలు చాలవని మేడమ్ కొన్ని కోసింది. కింద, ఇన్ని మారినా అది ఆ కోటే అంటావు, నాకు వాదించాలని ఉంది కానీ ఆవిడతో కాదు అని రాసింది. నేను సేల్‌లో కొన్న జాకెట్టు ఇప్పుడు అంకుల్ కారు వెనక సీట్లో ఉంటుంది. దాన్ని తొడుక్కున్న పిల్లలు ఓక్‌విల్ అంకుల్ కోటనే అంటున్నారట. నేను దిద్దలేదు.

ఇక లెక్క. వచ్చింది నలభై డాలర్లు. పోయింది: రెండో కోటుకు పన్నుతో కలిపి ఇరవై చిల్లర, నీలం దారానికి మూడు, రానుపోను ఛార్జీలు నలభైకి పైనే. ఎకనామిక్స్ పుస్తకం కొననందుకు నూట ఎనభై మిగిలినట్టే అనిపించింది గానీ, ఏమయ్యాయో చెప్పలేను. ఆంటీ, అంకుల్, బేకరీ అమ్మాయి ఇచ్చినవాటికి ధర వేయలేదు. నా దగ్గర లేని సరుకు అది. వరంగల్ అబ్బాయికి నలభై తిరిగివ్వబోతే వద్దే వద్దన్నాడు. బలవంతం చేసి ఇచ్చాను. ముప్పై. ఒక చలికాలం వాడుకున్నాడు కదా, పది అరుగుదల కింద పట్టుకున్నానని చెప్పాను. నవ్వి తీసుకున్నాడు. ఆ పది ఇంకా నా దగ్గరే ఉన్నాయి.